పొట్ట వేలాడితే దూడ ఎదిగినట్టు కాదు

పాక మూలన గుంజకు కట్టేసిన మూడు నెలల గేదె దూడను ఒకసారి పరకాయించి చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, వెన్ను తేలి ఉంటుంది, పొట్ట మాత్రం కుండలా వేలాడుతుంటుంది. 'గడ్డి బాగానే లాగుతోందండీ, పొట్ట చూడండి' అంటాడు రైతు. ఆ పొట్టే మనల్ని మోసం చేస్తోంది.

పుట్టినప్పుడు దూడ పొట్టలో నాలుగు అరలూ ఉంటాయి గానీ పనిచేసేది నాలుగోదే. తాగిన పాలు ఒక గాడి గుండా నేరుగా అందులోకే దిగుతాయి. ఎదిగిన పశువులో మొత్తం పొట్టలో నూటికి 80 పాళ్ల దాకా ఉండే పెద్దపొట్ట పుట్టినప్పుడు పావు వంతే. దాని గోడ పల్చగా ఉంటుంది. బోటి కడిగిన వాళ్లకు తెలుసు, ఎదిగిన పశువు పెద్దపొట్ట లోపలివైపు తువ్వాలు మీది నూగులా ఒత్తుగా ఉంటుంది. మేత సారం రక్తంలోకి ఎక్కేది ఆ నూగు గుండానే. నూగు సరిగా రాని దూడ ఎంత మేసినా ఒంటికి పట్టేది కొంతే.

మరి నూగు ఎలా వస్తుంది? మేత పెద్దపొట్టలో పులిసినప్పుడు సూక్ష్మజీవులు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే మూడు కొవ్వు ఆమ్లాలను ముఖ్యంగా తయారుచేస్తాయి. పేరు చూసి నూనె, కొవ్వు అనుకోవద్దు. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్, ముక్కిన వెన్న కంపు కొట్టేది బ్యుటిరిక్. నెమరువేసే పశువుకు శక్తిలో ఎక్కువ భాగం వీటినుంచే వస్తుంది. నూగును పెంచే పనిలో బ్యుటిరిక్‌ది మొదటి స్థానం, ప్రొపియోనిక్‌ది తర్వాతి స్థానం. ఎసిటిక్ ప్రభావం తక్కువ.

ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1950లలో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో దూడల పెద్దపొట్టలో ప్లాస్టిక్ స్పాంజి ముక్కలు వేసి చూశారు. పొట్ట సాగింది గానీ నూగు రాలేదు. బ్యుటిరిక్, ప్రొపియోనిక్ ఆమ్లాల లవణాలు వేస్తే నూగు పెరిగింది. అంటే నిండుగా ఉన్నంత మాత్రాన చాలదు, లోపల పులిసేది ఏమిటన్నది ముఖ్యం. దాణా గింజలు త్వరగా పులిసి ఈ రెండు ఆమ్లాలను ఎక్కువగా ఇస్తాయి. ఎండు వరిగడ్డి నిదానంగా పులిసి ఎక్కువగా ఎసిటిక్‌నే ఇస్తుంది. ఒక విధంగా లేగదూడకు ఒట్టి వరిగడ్డి ఆ స్పాంజి ముక్కలాంటిదే.

ఇక్కడ మన తప్పు ఒప్పుకోక తప్పదు. చేపు కోసం దూడను వదిలి, రెండు గుటకలు తాగగానే లాగేస్తాం. పాలూ చాలవు, దాణా అసలే ఉండదు. రెండు లీటర్ల పాలు అమ్ముకుంటే గానీ ఇల్లు గడవని వాళ్లను నేను తప్పుపట్టను. కానీ 'పాలిచ్చే గేదెకే దాణా చాలడం లేదు, దూడకెందుకు దండగ' అనే మాట లెక్కకు నిలవదు. మొదట్లో దూడ తినేది రోజుకు గుప్పెడే. ఆ గుప్పెడు మిగుల్చుకున్న రైతు, పెయ్య ఆలస్యంగా ఎదకు వచ్చి, ఆలస్యంగా ఈనితే, ఆ నెలలన్నీ పాలు లేకుండా ఉత్త మేత పెట్టి భరించాలి. ఇక మగదూడల సంగతి రాయాలంటే ఈ పేజీ చాలదు.

పుట్టిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు తాగించడం అందరికీ తెలిసిందే. రెండో వారం నుంచి పాలు తాగిన వెంటనే మూతికి కాస్త దాణా రాయండి, నాకి అలవాటు పడుతుంది. మరపట్టిన మొక్కజొన్న 50 పాళ్లు, వేరుశనగ చెక్క 30, గోధుమ పొట్టు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 పాలు కలిపితే సరిపోతుంది. గింజ బరకగానే ఉండాలి. పిండి చేస్తే నూగు ముద్దకట్టి చెడుతుంది. బూజుపట్టిన చెక్క, యూరియా దూడ దగ్గరికి రానీయొద్దు. తింటోంది కదా అని ఒక్కసారిగా ఎక్కువ పోసినా ప్రమాదమే, పొట్టలో పులుపు మితిమీరి దూడ పడిపోతుంది. గడ్డి మానమని నేననడం లేదు. పొట్ట కండ బలపడటానికి, నెమరు పడటానికి అదీ కావాలి, లేత పచ్చగడ్డయితే మరీ మంచిది. సంకరజాతి ఆవు దూడ వరసగా మూడు రోజులు రోజుకు కిలో దాణా తిన్నాకే పాలు మాన్పించే ఆలోచన చేయండి.

చాలామంది మరిచిపోయేది నీళ్లు. పాలు తాగుతోంది కదా, నీళ్లెందుకంటారు. పాలు గాడి గుండా నాలుగో అరలోకి పోతాయి, తొట్టి నీళ్లయితే పెద్దపొట్టలోకి దిగుతాయి. తడి లేనిదే సూక్ష్మజీవులు బతకవు, దాణా పులవదు. మొదటి వారం నుంచే దూడకు అందే ఎత్తులో, రోజూ కడిగిన బేసిన్‌లో మంచినీళ్లు పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.