ఏం మింగాడని ముందు అడగండి

మన ఇళ్ళల్లో పిల్లాడు ఏదైనా మింగేశాడంటే మొదట వచ్చే ప్రశ్న "ఏం మింగాడు?" అని కాదు. "నువ్వేం చేస్తున్నావు?" అని. ఆ మాట అత్త అనొచ్చు, మొగుడు ఫోన్లో అనొచ్చు, పక్కింటావిడ నోరు తెరవకుండా చూపుతోనే అనొచ్చు. దానికి తల్లి సంజాయిషీ చెప్పుకునే లోపు గడియారం నడుస్తూనే ఉంటుంది. కొన్ని వస్తువుల విషయంలో ఆ గడియారమే అన్నిటికన్నా ముఖ్యం. అందుకే ఇది రాస్తున్నాను.

మా వీధిలో జరిగిందే చెప్తాను. మూడేళ్ళ పిల్లోడు రూపాయి బిళ్ళ నోట్లో పెట్టుకుని ఆడుతూ మింగేశాడు. వాళ్ళమ్మ చూసింది. కానీ అత్తకు తెలిస్తే ఇల్లు ఎగిరిపోతుందని చెప్పలేదు. ఓ అరటిపండు పెట్టింది. వాడు ఒక ముక్క తిని కక్కేశాడు. కాసేపటికి చొంగ కారడం మొదలైంది, నీళ్ళు కూడా దిగడం లేదు. రాత్రి తొమ్మిదికి భర్త డ్యూటీ నుంచి వచ్చాక గానీ సంగతి బయటపడలేదు. తిరుపతికి తీసుకుపోయి ఎక్స్‌రే తీస్తే బిళ్ళ అన్నవాహిక మొదట్లోనే ఇరుక్కుని ఉంది. మర్నాడు పొద్దున తీసేశారు. పిల్లోడు బాగున్నాడు. ఆ అమ్మాయి మాత్రం వారం రోజులు మాటలు పడింది. "ఇప్పుడు చెప్పలేదని తిడుతున్నారక్కా. చెప్పుంటే మింగనిచ్చావని తిట్టేవాళ్ళు" అంది నాతో. రెండు వైపులా తిట్లే ఉన్నప్పుడు ఎవరైనా చెప్పడం వాయిదా వేస్తారు కదా!

డాక్టర్లు చెప్పే లెక్క ఇది. మింగిన వస్తువుల్లో నూటికి ఎనభై నుంచి తొంభై దాకా వాటంతటవే విరేచనంలో పడిపోతాయి. పది నుంచి ఇరవై దాకా ఎండోస్కోపీతో తీయాల్సి వస్తుంది. ఆపరేషన్ దాకా పోయేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఈ లెక్క చూపించి "మా కాలంలో ఎన్ని మింగలేదు, ఏమైంది?" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళ మాట చాలావరకు నిజమే. కానీ వాళ్ళ కాలంలో బటన్ బ్యాటరీ లేదు.

2019లో వచ్చిన కొత్త రూపాయి బిళ్ళ అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు. సీఆర్ 2032 అని రాసి ఉండే గుండ్రటి బ్యాటరీ అడ్డుకొలతా 20 మిల్లీమీటర్లే. చీకట్లో చేతికిస్తే మనకే తేడా తెలియదు. బిళ్ళ కడుపులోకి దిగిపోతే చాలాసార్లు డాక్టర్లు ఇంటికి పంపించేసి విరేచనం గమనించమంటారు (ఆ పని ఎవరిదో వేరే చెప్పాలా?). అన్నవాహికలో ఆగినా, పిల్లవాడు హాయిగా ఊపిరి తీస్తూ, ఉమ్మి మింగగలుగుతూ ఉంటే, డాక్టరు కళ్ళ ముందు కొన్ని గంటలు ఆగి చూసే వీలుంటుంది. బ్యాటరీ అన్నవాహికలో ఆగితే ఆ వీలు లేదు. అందులోని రసం కారి కాలుతుందని చాలామంది అనుకుంటారు గానీ అసలు సంగతి వేరు. తడి కండకు తగలగానే దానిలోంచి కరెంటు పారుతుంది. ఆ కరెంటుకు అక్కడి తడి కాస్టిక్ సోడా లాంటి క్షారంగా మారి కండను కాలుస్తుంది. రెండు గంటల్లోనే పెద్ద పుండు పడగలదు. పక్కనే శ్వాసనాళం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. రిమోట్‌లో పని చేయడం లేదని తీసి పారేసిన బ్యాటరీలో కూడా ఇంత పని చేసే శక్తి మిగిలే ఉంటుంది.

ఇప్పుడు మా ఏర్పేడు నుంచి లెక్క వేసుకోండి. ఎండోస్కోపీ కోసం మేము పోవాల్సింది తిరుపతికి. రుయా ఉంది, స్విమ్స్ ఉంది, దూరం మరీ ఎక్కువేం కాదు. అయినా బండి చూసుకుని, రేణిగుంట ట్రాఫిక్ దాటి, ఓపీ చీటీ రాయించుకుని, ఎక్స్‌రే దగ్గర నిలబడేసరికి రెండు గంటల్లో ఎంత మిగులుతుంది? 108కి ఫోన్ చేయాల్సిన ఆ మొదటి పావుగంట "నువ్వేం చేస్తున్నావు?" అనే పంచాయితీకి పోతే ఎలా? ఆసుపత్రిలో చెప్పాల్సిన మొదటి మాట కూడా "బ్యాటరీ అయ్యుండొచ్చు" అనే. ఎక్స్‌రేలో బ్యాటరీకి అంచు దగ్గర రెండు గీతల వలయం కనిపిస్తుంది, బిళ్ళకు కనిపించదు. ఆ అనుమానం చెవిన పడితే చూసే కన్ను ముందే దాన్ని వెతుకుతుంది. అలాంటి బ్యాటరీయే ఇంకోటి ఇంట్లో ఉంటే, లేదా అది ఊడిన బొమ్మ దొరికితే చేత పట్టుకుపోండి.

వంటింటి వైద్యానికి నేను వ్యతిరేకిని కాను. ఈ విషయంలో ఒకటి నిజంగా పనికొస్తుంది కూడా. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి డాక్టర్లున్న బృందం 2018లో ప్రచురించిన పరిశోధనలో తేనె ఆ క్షారం జోరును తగ్గిస్తుందని తేలింది. మింగింది బ్యాటరీ అని తెలిసి, పన్నెండు గంటలు దాటకుండా ఉండి, బిడ్డకు ఏడాది నిండి, మింగగలుగుతుంటే, ఆసుపత్రికి పోయే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాలు చొప్పున ఆరుసార్ల దాకా ఇవ్వవచ్చంటారు. దారిలో ఇవ్వాలి, తేనె సీసా వెతకడానికి ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే వద్దు.

అరటిపండు, అన్నం ముద్ద, ఆముదం మాత్రం ఎందుకూ కొరగావు. మా వైపు సంగటి ముద్దను నమలరు, మింగుతారు. చేప ముల్లు గుచ్చుకుంటే సంగటి మింగమనేది అందుకే. ముల్లు చిన్నదైతే పోతుందేమో గానీ, గట్టిగా గుచ్చుకున్నదైతే ముద్ద దాన్ని ఇంకా లోపలికి దిగ్గొడుతుంది. పైగా పిల్లలకు మత్తిచ్చి ఎండోస్కోపీ చేయాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. మనం ప్రేమగా పెట్టిన అరటిపండు వల్ల డాక్టరు ఆగాల్సి వస్తుంది. వేలు పెట్టి కక్కించడం ఇంకా ప్రమాదం. (ఊపిరే ఆడక, ఏడవలేక, దగ్గలేక ఉన్నాడంటే అది గాలి దారికి అడ్డుపడటం. అప్పుడు వెంటనే వీపు మీద చరచాలి, అది వేరే సంగతి.)

మింగేది పిల్లలొక్కరే కాదు. మాత్రను రేకుతో సహా మింగేసే పెద్దవాళ్ళున్నారు, ఆ రేకు అంచు పేగును కోస్తుంది. కట్టుడు పళ్ళు మింగేవాళ్ళున్నారు. ఇక మనమో? చీర కుచ్చిళ్ళు సర్దుతూ పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుంటాం, మంగళసూత్రానికి నాలుగు పిన్నీసులు తగిలించుకుని బిడ్డను ఎత్తుకుంటాం. నోరు తెరుచుకున్న పిన్నీసు లోపలికి పోతే అది బిళ్ళ లాంటిది కాదు. అయస్కాంతాలూ అంతే. ఒకటి మింగితే పోవచ్చు. రెండు వేర్వేరుగా మింగితే వేర్వేరు పేగు మడతల్లో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో నలిగిన పేగుకు చిల్లు పడుతుంది.

ఎండోస్కోపీ అనగానే కోత అని భయపడి వెనక్కి లాగేవాళ్ళున్నారు. కోత ఉండదు. నోట్లోంచి పంపే సన్నటి గొట్టం, దాని చివర వెలుగు, కెమెరా, పట్టుకునే చిన్న పట్టకారు, అంతే. ఈ విద్యలో ప్రపంచమంతా గుర్తించిన, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే.

దీనికి చాలా ముందే అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే డాక్టరు, గట్టి గొట్టాల కాలంలోనే, జనం మింగినవీ ఊపిరితిత్తుల్లోకి పోయినవీ రెండు వేలకు పైగా వస్తువులు తీశాడు. అవన్నీ ఫిలడెల్ఫియాలోని ముటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. పిన్నీసులు, బిళ్ళలు, గుండీలు. నాకు నచ్చింది ఆయన చేసిన ఇంకో పని. అప్పట్లో ఇంట్లో వాడే క్షారం తాగి పిల్లల గొంతులు కాలిపోతుంటే, డబ్బా మీద హెచ్చరిక ఉండాలని ఏళ్ళ తరబడి పోరాడాడు. 1927లో చట్టం వచ్చింది. తల్లులకు నీతులు చెప్పి ఊరుకోలేదాయన.

2020 డిసెంబరులో అదే దేశంలో రీస్ అనే ఏడాదిన్నర పాప రిమోట్‌లోని బటన్ బ్యాటరీ మింగి చనిపోయింది. మొదట గొంతు జబ్బు అనుకున్నారట. వాళ్ళమ్మ కదిలింది. 2022 ఆగస్టులో ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది. పనిముట్టుతో గానీ, ఒకేసారి రెండు రకాలుగా కదిపితే గానీ బ్యాటరీ మూత తెరుచుకోకూడదని నియమం పెట్టారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలోనూ ఇలాంటివి అమల్లోకొచ్చాయి. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. శ్రీకాళహస్తి శివరాత్రి తిరునాళ్ళలో మెరిసే బొమ్మ తిప్పి చూడండి, ఆ గుర్తు మీకు ఎక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి. రిమోటూ, బరువు తూచే మిషనూ బొమ్మలు కూడా కావాయె. వాటికీ స్క్రూ మూత ఉండి తీరాలని మనం అడగాలి. కొనేటప్పుడు కొట్లోనే మూత తెరిచి చూసి, గోటితో ఊడొస్తే వద్దని చెప్పి రావాలి. ఆడవాళ్ళు పదిమంది వద్దంటే కొట్టువాడు మారుస్తాడు.

మా ఇంట్లో వెతికితే గుండ్రటి బ్యాటరీలు అయిదు చోట్ల దొరికాయి. మామగారి షుగర్ మిషన్, బరువు మిషన్, కారు తాళం, దీపావళికి కొన్న రెండు బ్యాటరీ దీపాలు. బరువు మిషన్ మూత గోటికే వచ్చేసింది, గట్టి టేపు చుట్టాను. దీపాల్లోవి తీసి, రెండు వైపులా టేపు అంటించి, బీరువా పైన పెట్టాను, ఈసారి తిరుపతి పోయినప్పుడు పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వడానికి.