కోకిల అనేసి ఊరుకుందామా?

భారత కోకిల అనే బిరుదు సరోజినీ నాయుడికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని నా అనుమానం. ఆమె పుట్టినరోజు ఫిబ్రవరి 13 రాగానే బళ్లో పిల్లల చేత ఆ రెండు మాటలూ వల్లింపజేసి చేతులు దులుపుకుంటాం. ఇంతకీ ఆమె ఎవరి కోకిల? తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ తూర్పు బెంగాల్ మనిషి. ఈమె పుట్టింది 1879లో, హైదరాబాద్‌లో. ఇంగ్లండ్ చదువుకు డబ్బిచ్చింది నిజాం. 1898లో కులం, ప్రాంతం లెక్కచేయకుండా పెళ్లాడింది మన డాక్టర్ గోవిందరాజులు నాయుణ్ని. కవిత్వమేమో ఇంగ్లిషులో! రాజకీయం ఆ కవిత్వాన్ని మింగేసిందని నిట్టూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1917 తర్వాత బతికుండగా కొత్త సంపుటి రాలేదు, నిజమే. కానీ కాన్పూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన రెండేళ్లకు, 1927లో, ఆమె రాసుకున్న కవితలు కూతురు పద్మజ పూనుకుంటే 1961లో గానీ అచ్చు కాలేదు. కలం ఆగలేదు, అచ్చుయంత్రమే ఆగింది. అయినా ఉప్పు సత్యాగ్రహం నాటి ధరాసన సంగతేమంటారు? 1930 మే నెల, నెత్తి మాడే ఎండ. గాంధీ జైల్లో, ఆయన తర్వాత ముందు నిలిచిన అబ్బాస్ తయబ్జీ జైల్లో. ఉప్పు కొఠార్ల దారికి పోలీసులు అడ్డం నిలిస్తే, యాభై ఒక్కేళ్ల ఈ కవయిత్రి సత్యాగ్రహులతో పాటు అక్కడే చతికిలబడింది. గాంధీని మిక్కీ మౌస్ అని ఆటపట్టించిన నోరు (ఇంకెవరికుంది ఆ చనువు?) పోలీసులకు బెదురుతుందా? అరెస్టయింది, జైలుకెళ్లింది. నన్నడిగితే, ఆ కూర్చోవడం ముందు ఆమె తొలినాటి మెత్తని పాటలు కొన్ని వెలవెలబోతాయి.