తక్కువ తిరిగిన బండి

పాత కారు బేరానికి వెళ్లినవాళ్లందరికీ ఈ మాట తెలిసే ఉంటుంది. "సింగిల్ హ్యాండ్ బండి సార్, డాక్టరు గారిది. యాభై వేలు కూడా తిరగలేదు." ఆ మాట అనగానే మన కళ్లు మీటరు మీదికి పోతాయి. అక్కడ నిజంగానే యాభై వేలు ఉండదు. ఇంకేముంది, బేరం సగం అయిపోయినట్టే.

ఈ వారం ఆ మీటరు గురించే చెప్పాలి. ఎందుకంటే అలాంటి బండి మా ఇంట్లోనే ఒకటుంది. తెనాలిలో, రేకుల షెడ్డు కింద. 2006లో కొన్న మారుతి 800, తెలుపు రంగు. నాన్న కొన్న మొదటి కారు అదే, ఆఖరి కారూ అదే. ఇన్నేళ్లలో తిరిగింది 41 వేల కిలోమీటర్లు. "అది ఇంకా రోడ్డే సరిగ్గా చూళ్లేదురా" అంటాడు నాన్న, ఎవరైనా అమ్మేయమంటే. బజారుకి, గుడికి, పెళ్లిళ్లకి తప్ప తీయడు. ఏడాదిన్నరగా మాత్రం నెలకోసారి గుంటూరు వెళ్తోంది, అమ్మ కంటి ఇంజెక్షన్ల కోసం. వెళ్లేటప్పుడు ఫర్వాలేదు. వచ్చేటప్పుడు అమ్మకి ఒక కంటికి కట్టు, రెండో కన్ను సగం మూత, పక్క సీట్లో కూర్చుని వస్తుంది. నాన్న వయసు అరవై ఎనిమిది.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదివింది కంప్యూటర్ సైన్స్, కార్ల గురించి కాలేజీలో ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. మా మెకానిక్ గారు మోకాళ్ల నొప్పులతో షాపు సగం రోజులు మూసెయ్యడం మొదలయ్యాక, నెలకి రెండు శని ఆదివారాలు ఇంటికొచ్చినప్పుడు చిన్నచిన్న పనులు నేనే చేస్తున్నా. నేర్చుకోవడానికి దీనికంటే మంచి బండి దొరకదు. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు, మూడే ప్లగ్గులు. బానెట్ ఎత్తితే సందుల్లోంచి నేల కనిపిస్తుంది, చెయ్యి దూరుతుంది. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా ముప్ఫై ఏళ్లు తయారైన కారు ఇది. దీన్ని విప్పడం రాని మెకానిక్ మన ఊళ్లలో అరుదు. సామాను ఇప్పటికీ దొరుకుతోంది.

అసలు విషయానికి వస్తా. కారులో కిలోమీటర్లతో అరిగే వస్తువులు కొన్నుంటాయి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, పిస్టన్ రింగులు అలాంటివి. ఏళ్లు గడిస్తే చాలు, కదలకపోయినా పాడయ్యేవి మరికొన్ని. రబ్బరుతో చేసిన ప్రతిదీ, లోపల పోసిన ప్రతి ద్రవమూ, బ్యాటరీ. మీటరు మొదటి రకానికే లెక్క రాస్తుంది. రెండో రకం లెక్క క్యాలెండరులో ఉంటుంది, దాన్ని అమ్మేవాడూ చూపించడు, కొనేవాడూ అడగడు. (మా ఆఫీసులోనూ అంతే. ఎవరూ ముట్టుకోని ప్రోగ్రామ్ నాలుగేళ్లకి దానంతటదే పనిచేయడం మానేస్తుంది. "ఏమీ మార్చలేదే" అని అందరూ ఆశ్చర్యపోతారు.)

ముందు టైర్లు చూడండి. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఒకటుంటుంది. దాని చివర నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపుకి పడతాయి, అప్పుడు టార్చి పట్టుకుని కింద పడుకోవాల్సిందే. మా టైర్ల మీద 3313 అని ఉంది. అంటే 2013లో ముప్ఫై మూడో వారం, ఆగస్టు నెల. నాన్న ఒప్పుకోలేదు. "గ్రిప్పు చూడరా, గోరు మునుగుతోంది" అన్నాడు. గ్రిప్పు నిజంగానే కొత్త టైరులా ఉంది. పక్క గోడని బొటనవేలితో నొక్కితే మాత్రం ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు తెరుచుకుంటున్నాయి. గ్రిప్పు ఎంత ఉన్నా పదేళ్లు దాటితే మార్చేయమని చాలా టైరు కంపెనీలే చెబుతాయి. ఇక స్టెప్నీ సంగతి అడక్కండి, అది బండితోపాటే షోరూం నుంచి వచ్చింది. ఒక్కసారీ నేల తాకలేదు. నాన్న దృష్టిలో అది సరికొత్తది.

టైర్ల దగ్గర వాదన తెగక, చక్రం ఊడదీశాను. ఇక్కడ ఒక మాట. బండితో ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే, దాన్ని నమ్ముకుని బండి కిందికి తల పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలు పనికిరావు, బరువు పడితే చెప్పకుండా పగిలిపోతాయి. ఇనుప స్టాండ్లు జత కొనుక్కోండి. చదునైన నేల మీద, నేలమీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టి, అప్పుడు ఎత్తండి. ఈ ఒక్క ఖర్చు దగ్గర లోభిస్తే మిగతా పనులేవీ ఇంట్లో చేయకపోవడమే మేలు.

చక్రం వెనక, ఇనప గొట్టానికీ బ్రేకుకీ మధ్య జానెడు రబ్బరు పైపు ఉంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా వంగేది అదే. మనం పెడల్ తొక్కిన బలమంతా దాంట్లోంచే పోవాలి. వేళ్లతో వంచి చూశా. వంపు దగ్గర చుట్టూ పగుళ్లు, ఒకచోట లోపలి దారం అల్లిక కనిపిస్తోంది. నాన్నని పిలిచి చూపించా. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. మాట్లాడలేదు. రెండు వారాల ముందే ఆ బండి మీద గుంటూరు వెళ్లొచ్చారు ఇద్దరూ.

తర్వాత బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూస్తే డికాషన్ రంగు. కొత్తది దాదాపు నీళ్లలా, లేత తేనె రంగులో ఉంటుంది. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నిజానికి నూనె కాదు. గాలిలోని తేమని పీల్చుకునే గుణం దానిది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో తెలుసు కదా, అదే వరస. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన తర్వాత 140కే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలుంటే పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. తెనాలి, గుంటూరు మధ్య ఘాట్ రోడ్డేమీ లేదు కాబట్టి అంతదాకా రాకపోవచ్చు. కానీ ఆ నీళ్లు లోపలి సిలిండర్లని తుప్పు పట్టిస్తాయి, తుప్పు రబ్బరు సీళ్లని గీస్తుంది, అక్కణ్నుంచి కారడం మొదలు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. మాది ఎప్పుడు మార్చారో బిల్లుల్లో ఎక్కడా లేదు.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లా. అక్కడ కౌంటరులో మొదటి ప్రశ్న ఒకటే. "ఒరిజినలా, కంపెనీ రకమా, లోకలా?" సీటు కవరు, మ్యాటు, అద్దం తుడిచే బ్లేడు ఏ రకమైనా పెద్ద నష్టం లేదు. బ్రేకుకి సంబంధించింది మాత్రం బిల్లుతో, సీలు విప్పని ప్యాకెట్లో, పేరున్నదే తీసుకోండి. నాలుగు చక్రాలకీ కావలసిన రబ్బరు పైపులన్నీ కలిపినా అయిన ఖర్చు, అమ్మని గుంటూరుకి టాక్సీలో రెండుసార్లు తీసుకెళ్లే ఖర్చు కంటే తక్కువే.

పైపులు నేను ముట్టలేదు. ఇరవై ఏళ్ల తుప్పులో ఉన్న నట్టు విప్పబోతే ఇనప గొట్టం మెలితిరిగి విరుగుతుంది, అప్పుడు బండి అక్కడే కూలబడుతుంది. ఆ ఆదివారం మెకానిక్ గారే ఇంటికొచ్చారు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ముందు రోజు రాత్రే నాతో నట్ల మీద తుప్పు వదిలే నూనె కొట్టించి ఉంచి, గంటన్నరలో అన్నీ మార్చేశారు. "ఇయ్యి ఎవురూ మార్చరు బాబూ. పగిలిన రోజునే మా దగ్గరికొస్తారు, వస్తే" అన్నారు.

పాత బ్రేక్ ఆయిల్ తీసి కొత్తది ఎక్కించే పనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. డబ్బాకి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. చక్రం దగ్గర చిన్న నిపుల్‌కి పారదర్శకంగా ఉండే సన్నటి పైపు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాలి. పెడల్ తొక్కి పట్టుకుంటే నిపుల్ కొద్దిగా వదులు చేయాలి, పాతది బయటికి వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ మీంచి కాలు తీయాలి. ముందే తీస్తే గాలి లోపలికి పోతుంది, చేసిందంతా వృథా. మధ్యమధ్యలో పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తుండాలి. అది పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోసి కడిగేయండి.

నాన్న రిటైరయిన లెక్కల మాస్టారు. మెకానిక్ గారు ఏడో తరగతి ఆయన దగ్గరే చదివారు. నాన్న డ్రైవరు సీట్లో, నేను నేలమీద, ఆయన స్టూలు మీద. "మాస్టారూ, నే చెప్పిందాకా కాలు తీయమాకండి." "సరే." "తీశారు!" "తీయలేదయ్యా." "తీశారండీ, బుడగొచ్చింది." నలభై ఏళ్ల తర్వాత మార్కులు వేసే చెయ్యి మారిందన్నమాట. నాలుగు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. నాన్న పెడల్ మళ్లీ మళ్లీ తొక్కి చూశాడు. "ఇంత గట్టిగా ఉండేదా ఇది?" అన్నాడు. మెత్తబడింది ఒక్క రోజులో కాదు కదా, కాలు అలవాటు పడిపోయింది.

ఇంకో అలవాటు మాన్పించడానికి మాత్రం చాలా కష్టపడ్డా. నాన్న ప్రతి శుక్రవారం బండి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు షెడ్డులోనే ఉంచి ఆపేస్తాడు. బ్యాటరీ బాగుంటుందని. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇది చేస్తూనే ఉంటారు. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఖర్చు పెట్టింది ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి లోపల ఏర్పడ్డ తేమ ఆవిరైపోకుండా ఆయిల్లో, సైలెన్సరులో మిగిలిపోతుంది. స్టార్ట్ చేస్తే ఒక ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పండి, లేదా ముట్టుకోకండి. చవక మల్టీమీటరు ఒకటి ఉంచుకుంటే ఇంకా సుఖం. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే సగమే ఉన్నట్టు. తిరగని బండికి ఇంజిన్ ఆయిల్ కూడా కిలోమీటర్లు చూసి కాదు, ఏడాదికోసారి మార్చేయాలి. మూడు లీటర్ల డబ్బా తెచ్చుకుంటే మా బండికి చాలు. పాత ఆయిల్ మురిక్కాలవలో పోయొద్దు, మెకానిక్ షెడ్డులో ఇస్తే డ్రమ్ములో పోసుకుంటారు.

పెట్రోలు పైపులు కూడా మార్పించా. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, 2006లో ఈ బండి తయారుచేసినవాళ్లు ఆ లెక్క వేసుకోలేదు. పాత రబ్బరుకీ ఇథనాల్‌కీ పడదు. పెట్రోలు వాసన వస్తే వాయిదా వేయకండి, ఆ రోజే చూడండి. ఎలుకలు కొరికిన వైర్ల కథ ఇంకో వారం.

ఇంత చేస్తున్నావు, కొత్తది కొనేయొచ్చు కదా అని మా స్నేహితులు అడుగుతుంటారు. కొనొచ్చు. నేను అడిగా కూడా. "నాకు గేరు ఎక్కడుందో చూడక్కర్లేని బండి ఇదొక్కటే" అన్నాడు నాన్న. అరవై ఎనిమిదేళ్ల మనిషికి అది చిన్న కారణం కాదు. కానీ సెప్టెంబరులో రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్‌కి వస్తోంది. పదిహేనేళ్లు దాటిన కార్లకి ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, ఇరవై దాటినవాటికి 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. కట్టడానికి నాకు అభ్యంతరం లేదు, నా షరతు ఒక్కటే అన్నా నాన్నతో. క్యాలెండరు ప్రకారం మార్చాల్సినవన్నీ మార్చాకే కడతా. ఒక్కటి మిగిలినా తుక్కు కిందికి ఇచ్చేద్దాం. కాసేపాగి, "జాబితా రాయి" అన్నాడు.

రాశాం. లెక్కల మాస్టారు కదా, గళ్లు గీసి మరీ రాశాడు. టైర్లు ఐదూ అయ్యాయి, స్టెప్నీతో కలిపి. పైపులు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఫ్యాన్ బెల్టు అయ్యాయి. టైమింగ్ బెల్టు ఒక్కటి మిగిలింది. అది తెగితే బండి ఎక్కడుంటే అక్కడ, నారాకోడూరు సెంటరులోనైనా సరే, ఇంజిన్ ఆగిపోతుంది. బీరువాలో బిల్లులన్నీ తిరగేస్తే అది మార్చినట్టు ఒక్క కాగితమూ దొరకలేదు. అంటే ఇరవై ఏళ్లదే. ఆ పనీ నేను ముట్టను, వచ్చే శనివారానికి మెకానిక్ గారు ఒప్పుకున్నారు. ఈలోపు బుధవారం అమ్మకి ఇంజెక్షన్ ఉంది. టాక్సీ చెప్పాను. కారు తాళాలు రెండూ హైదరాబాద్‌లో నా బల్ల మీదున్నాయి, నాన్నకి తెలుసు, రెండు రోజుల్నించీ ఫోన్లో అమ్మతోనే మాట్లాడిస్తున్నాడు.