మాట వస్తోంది... బొమ్మ రాదేం?

పెళ్లి వీడియోని కంప్యూటర్లో పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. సన్నాయి వినిపిస్తుంటుంది, తెర మాత్రం నల్లగా! ఫైలు పాడైందనుకుని తీసేయబోతున్నారా? ఆగండి. చాలాసార్లు తప్పు ఫైలుది కాదు, కోడెక్‌ది.

ఏమిటీ కోడెక్?

కోడర్, డీకోడర్... ఈ రెండు మాటల్నీ కలిపి కుదించిన పేరే కోడెక్. దాని పనీ అదే. రికార్డు చేసేటప్పుడు కుదిస్తుంది, చూసేటప్పుడు విప్పుతుంది. కుదించకపోతేనేం అంటారా? ఫుల్ హెచ్‌డీ బొమ్మ ఒక్కోదానిలో 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. సెకనుకి అలాంటి బొమ్మలు 25. లెక్కవేస్తే ఒక్క నిమిషానికే 9 జీబీ దాటిపోతుంది!

అందుకే కోడెక్ పొదుపు పాటిస్తుంది. పెళ్లిమండపం స్తంభాలు కదలవు కదా! వాటిని ఒకసారి రాసుకుని, ఆ తర్వాత కదిలినవాటినే రాసుకుంటుంది. పాటల్లో ఎంపీ3 మరో కిటుకు వాడుతుంది. డోలు దెబ్బ కింద అణిగిపోయి మన చెవికి అందని సన్నటి శబ్దాలను వదిలేస్తుంది. అలా సీడీలో 50 ఎంబీ దాటే 5 నిమిషాల పాట, 128 కేబీపీఎస్ ఎంపీ3లో 5 ఎంబీ లోపే ఇమిడిపోతుంది.

చీటీ మారిస్తే చాలదు

ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4 అనేది డబ్బా పేరు మాత్రమే. లోపల బొమ్మ 2003లో వచ్చిన హెచ్.264లో ఉండొచ్చు, 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీలోనూ ఉండొచ్చు. మాట విడిగా, ఎక్కువగా ఏఏసీలో ఉంటుంది. పాత కంప్యూటర్‌కి ఏఏసీ తెలిసి, హెచ్‌ఈవీసీ తెలియకపోతే మాట వస్తుంది, బొమ్మ రాదు. ఫైలు పేరు మార్చినా లాభం లేదు. కారం డబ్బాకి పంచదార చీటీ అంటిస్తే కారం తీపెక్కుతుందా! చాలా కోడెక్‌లను తనతోనే తెచ్చుకునే వీఎల్‌సీ లాంటి ఉచిత ప్లేయర్‌లో తెరిచి చూడండి.

అసలును దాచుకోండి

కోడెక్ ఒకసారి వదిలేసిన వివరాలు మళ్లీ రావు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో మరోసారి కుదించుకుపోతుంది. దాన్ని ఇంకొకరు మళ్లీ మార్చితే ఇంకాస్త మసకబారుతుంది. కాబట్టి బంధువులకు పంపేది నకలే కావాలి. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలును మార్చకుండా, రెండుచోట్ల దాచండి. ప్లేయర్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు... అమ్మమ్మ దీవించిన ఆ క్షణాన్ని మాత్రం మళ్లీ తీయలేం కదా!