దువ్వాడ: సెప్టిక్ ట్యాంక్ ఖాళీ అయింది సరే.. ఆ బురద ఎక్కడికి? ఎరువుగా మారాలంటే అడ్డంకి ఏంటి?

విశాఖపట్నం: ఓ పక్క స్టీల్‌ప్లాంట్, మరో పక్క ప్రత్యేక ఆర్థిక మండలి, కూర్మన్నపాలెం దాకా పరుచుకున్న కాలనీలు. ఇదీ దువ్వాడ. గాజువాక వైపున్న ఇలాంటి చాలా కాలనీల్లో ఇంటి మురుగు వెళ్లేది సెప్టిక్ ట్యాంక్‌లోకే. అది నిండితే ఫోన్ చేస్తారు. లారీ వస్తుంది, పైపు వేసి మొత్తం లాగేస్తుంది, డబ్బులు తీసుకుని వెళ్లిపోతుంది. ఇంటివాళ్లకు పని అయిపోయినట్టే. కానీ ఆ లారీలో ఉన్నదాని పరిస్థితి ఏంటి?

ఒక చిన్న లెక్క చూద్దాం. ట్యాంకర్‌లో 4 వేల లీటర్లు ఉందనుకుంటే, అందులో గట్టి పదార్థం 2 శాతం చొప్పున 80 కిలోలే. మిగతాదంతా నీళ్లు. అంటే డీజిల్ పోసి మోసేది ఎక్కువగా మురుగు నీటినే. పైగా డ్రైవర్‌కు కిరాయి ఇంటి దగ్గరే ముట్టిపోయింది. ఆ తర్వాత శుద్ధి కేంద్రం దాకా వెళ్తే ఖర్చు, దారిలో గెడ్డలో వదిలేస్తే మిగులు. దేశంలో చాలా ఊళ్లలో ఈ బురద కాలువల పాలవడానికి అసలు కారణం ఈ లెక్కే. చట్టం తెలియక కాదు.

దువ్వాడ వైపు ఇది ఇంకాస్త సున్నితమైన విషయం. నగర తాగునీటి వనరుల్లో ఒకటైన మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ ఉన్నది ఈ వైపే.

ఎండితే సరిపోదు

బురద ఎండిపోతే ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎండబెడితే బరువు బాగా తగ్గుతుంది. 2 శాతం గట్టి పదార్థం ఉన్న 4 వేల లీటర్లు, 20 శాతానికి చిక్కబడితే సుమారు 400 కిలోలు అవుతుంది. మోయడం తేలికే. కానీ అందులోని ఏలికపాముల గుడ్లకు గట్టి పెంకు ఉంటుంది. అవి మట్టిలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అలాంటి బురద వేసిన మడిలో ఆకుకూర కోసిన చేతులకు, అక్కడ ఆడుకున్న పిల్లలకు అవి అంటుకుంటాయి. అందుకే గ్రాము ఎండు బురదలో ఇలాంటి గుడ్డు ఒకటి కంటే తక్కువే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో చెప్పింది.

మరి వాటిని చంపేదెలా? చవకైన దారి సున్నం. పీహెచ్ 12 దాకా పెంచి కొన్ని గంటలు ఉంచితే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. గుడ్లు మాత్రం అంత తేలిగ్గా లొంగవు. వాటికి వేడి కావాలి. చెత్తతో కలిపి కుప్పలు పోసి కంపోస్ట్ చేసే పద్ధతిలో లోపలి వేడి 55 డిగ్రీల దగ్గర 15 రోజులు నిలవాలి, ఆ మధ్యలో ఐదుసార్లు తిరగేయాలి. ఇది అమెరికా 1993లో పెట్టుకున్న నిబంధన. తిరగేయడం ఎందుకంటే కుప్ప లోపల కాగుతుంది, పైపొర మాత్రం చల్లగానే ఉండిపోతుంది.

ఇంకో దారి మన రాష్ట్రంలోనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో రోజుకు 15 వేల లీటర్ల సామర్థ్యంతో మల వ్యర్థాల శుద్ధి కేంద్రం పెట్టారు. అక్కడ ఆరబెట్టిన బురదను గాలి పెద్దగా తగలకుండా కాల్చి బొగ్గులా మారుస్తారు. ఇక క్రిమి అనేది మిగలదు. తెలంగాణలో వరంగల్ నగరం 2016లోనే ట్యాంకర్ల మీద సొంత నిబంధనలు తెచ్చుకుంది. కాబట్టి టెక్నాలజీ లేదని ఎవరూ చెప్పలేరు.

దువ్వాడకు అసలు చిక్కు ఇక్కడే

క్రిములు వేడికి చస్తాయి. లోహాలు చావవు. సీసం, క్రోమియం, నికెల్ లాంటివి కాల్చినా బొగ్గులోనే మిగులుతాయి. పైగా 100 కిలోల బురద కాలి 50 కిలోలైతే, అదే సీసం సగం బరువులో ఇమిడి రెట్టింపు గాఢతతో కనిపిస్తుంది.

నరసాపురం లాంటి ఊళ్లో ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. విశాఖ సంగతి వేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తేల్చిన 43 తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో ఈ నగరం ఒకటి. దువ్వాడ చుట్టూ ఇళ్లతో పాటు ఫ్యాక్టరీలు, షెడ్లు, గ్యారేజీలు ఉన్నాయి. ఇంటి ట్యాంక్ ఖాళీ చేసిన లారీయే మర్నాడు ఒక ప్లేటింగ్ షెడ్డు గుంట కూడా లాగితే? ఆ ఒక్క ట్రిప్పు కలిసిన బ్యాచ్ మొత్తం ఎరువుగా పనికిరాకుండా పోవచ్చు.

పరిమితులు అంత కఠినంగా ఉన్నాయి మరి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్ట్ కిలోలో కాడ్మియం 5 మిల్లీగ్రాములు, క్రోమియం 50, సీసం 100 దాటకూడదు. పాదరసం అయితే 0.15 మిల్లీగ్రాములే.

విదేశాల్లో రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి మురుగు బురదను వేడితో ఆరబెట్టి పచ్చిక బయళ్ల ఎరువుగా అమ్ముతోంది. అదే దేశంలో మెయిన్ రాష్ట్రం మాత్రం 2022లో పొలాల్లో బురద వేయడాన్నే నిషేధించింది. అక్కడ గొడవ క్రిములతో కాదు, నేలలోకి చేరిన రసాయనాలతో. రైతులు ఏళ్ల తరబడి వేసుకున్నాక గానీ బయటపడలేదు.

అందుకే దువ్వాడ లాంటి చోట ప్లాంట్ కట్టడం కన్నా ముందు తేల్చాల్సింది లారీల సంగతి. ఇళ్ల బురద లాగే లారీ వేరు, పరిశ్రమల వ్యర్థం మోసే లారీ వేరుగా ఉండాలి. రెండోది, డబ్బు చేతులు మారే చోటు. మహారాష్ట్రలోని వాయ్ పట్టణం ఇక్కడ మంచి దారి చూపించింది. ఇంటింటికీ మూడేళ్లకోసారి వంతు ప్రకారం ట్యాంక్ శుభ్రం చేస్తారు, ఖర్చు పారిశుధ్య పన్ను నుంచి వస్తుంది. ఇంటి ముందు బేరం లేదు. ప్లాంట్‌లో దింపిన లోడ్లను బట్టే బిల్లు పాస్ చేస్తే డ్రైవర్‌కు గెడ్డ వైపు తిరగాల్సిన అవసరమే ఉండదు.

జీవీఎంసీకి నరవలో మురుగు శుద్ధి కేంద్రం ఉంది కదా, అక్కడే పోసేయొచ్చుగా అన్న ప్రశ్న రావచ్చు. పోయొచ్చు, కానీ కొలిచి పోయాలి. సెప్టిక్ బురద మామూలు మురుగు కంటే ఎన్నో రెట్లు చిక్కన. ఒకేసారి నాలుగు లారీలు దింపితే మురుగును తినే సూక్ష్మజీవులే దెబ్బతింటాయి.

ఇక మనిషిని ట్యాంక్‌లోకి దించే మాటే రాకూడదు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. మురుగు గుంటలో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

చివరకు మిగిలేది ల్యాబ్ రిపోర్టు. ప్రతి బ్యాచ్‌కూ క్రిముల పరీక్షతో పాటు లోహాల పరీక్ష కూడా చేయాలి. పాసైతే పొలానికి లేదా నగరంలోని పార్కులకు. ఫెయిలైతే సిమెంట్ బట్టీకి, లేదంటే పరవాడలో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి. అప్పుడు అది అమ్ముకునే సరుకు కాదు, ఎదురు డబ్బులిచ్చి వదిలించుకునే సరుకు.