ముందు సిరా లెక్క వెయ్యండి

భివండిలోని పద్మనగర్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా మరమగ్గాల మీద బతుకుతున్నాయి. అక్కడ చిన్న ఫొటో దుకాణం పెట్టాలనుకునే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే: ప్రింటర్ ధర చూసి మురిసిపోకండి. మగ్గం ఒకసారి కొంటాం, నూలు రోజూ కొనాలి. సిరా కూడా అంతే. చవకగా దొరికే కార్ట్రిజ్ ప్రింటర్‌లో పట్టేది కొద్ది మిల్లీలీటర్ల సిరా. నాలుగు కార్ట్రిజ్‌లు మార్చేసరికి మిషన్ ధర తిరిగి కట్టినట్టే. ఎప్సన్ 2010లో మొదట ఇండోనేషియాలో అమ్మిన ఇంక్ ట్యాంక్ పద్ధతి మన చిన్న దుకాణాలకు నిజంగా మేలు చేసింది. ఆ పద్ధతిలో నడిచే ఆరు రంగుల ఎప్సన్ ఎల్8050 ప్రింటర్‌కి ఒక్కో సీసాలో 70 మిల్లీలీటర్లు వస్తాయి. కానీ రోజూ గిరాకీ ఉంటేనే ట్యాంకు కొనండి. వాడకుండా వదిలేస్తే నాజిల్‌లో సిరా గడ్డకడుతుంది, హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ మంచి సిరా వేస్ట్ ప్యాడ్ పాలవుతుంది. గిరాకీ తక్కువైతే క్యానన్ సెల్ఫీ లాంటి రిబ్బన్ ప్రింటర్ నయం: 108 ఫొటోల సెట్టు ధరను 108తో భాగిస్తే ఫొటో ఖర్చు తేలిపోతుంది. మగ్గాల ఊళ్లో గాలినిండా నూలు నూగే, రాత్రి ప్రింటర్ మీద గుడ్డ కప్పడం మరవొద్దు. సిరా మాత్రం కంపెనీదే పొయ్యండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫొటోకు ఫ్రేమ్ కట్టించుకునే మనిషికి, ఏడాది తిరక్కుండానే వెలిసిపోయే ముఖాలు ఇవ్వకూడదు.