మనకు సముద్రం లేదు, సునామీ హెచ్చరిక మాత్రం మన ఊరి నుంచే

2025 జూలై 30న, ఫజర్ వేళలో, మన టైమ్ ప్రకారం ఉదయం 4 గంటల 54 నిమిషాలకు రష్యాలోని కామ్చట్కా తీరంలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ అమీర్‌పేట హాస్టళ్లలో ఫోన్లు మోగుతాయి. మచిలీపట్నం నుంచో కాకినాడ నుంచో కోచింగ్‌కి వచ్చిన పిల్లలు అమ్మీకి ఫోన్ చేసి, "మనవైపు ఏమైనా అలలు వస్తాయంటనా?" అని అడుగుతారు. వాట్సాప్ అయితే వస్తాయనే చెబుతుంది.

ఆ రోజు భారత్‌కు సునామీ ముప్పు లేదని చెప్పింది ఇన్‌కాయిస్. దాని ఆఫీసు ఎక్కడో కాదు, కూకట్‌పల్లి దాటితే వచ్చే ప్రగతినగర్‌లోనే. అమీర్‌పేట మెట్రో దిగేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత, 2007లో ఇక్కడ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకూ ఇక్కడి నుంచి సమాచారం వెళుతోంది.

2004లో సుమత్రా దగ్గర ఉదయం 6.29కి భూమి కంపిస్తే, మన తూర్పు తీరాన్ని అలలు తాకడానికి రెండు గంటలకు పైనే పట్టింది. అంత టైమ్ ఉండి కూడా చెప్పే వ్యవస్థ లేక ఆంధ్ర తీరంలోనే వంద మందికి పైగా పోయారు.

సముద్రం అడుగున ఉండే రాతి పొర మందం సుమారు ఏడు కిలోమీటర్లే. కానీ బరువైనది. వయసయ్యే కొద్దీ చల్లబడి ఇంకా బరువెక్కుతుంది, పక్క ఫలకం కిందకి దిగుతుంది. దిగేచోట రెండూ బిగుసుకుపోతాయి. ఏళ్ల తరబడి పేరుకున్న ఒత్తిడి ఒక్కసారి వదిలితే సముద్రపు నేల పైకి లేస్తుంది, దానిమీది నీళ్లూ లేస్తాయి. సునామీ అంటే అదే. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పడమర 8.6 తీవ్రతతో వచ్చినా పెద్ద అల లేవలేదు. అక్కడ ఫలకం పైకి లేవలేదు, పక్కకి జరిగింది. అందుకే తీవ్రత నంబర్ ఒక్కటే చూసి భయపడితే లాభం లేదు. సముద్రం లోపల పెట్టిన పీడన పరికరాలు, తీరంలోని అలల కొలతలు ఏమంటున్నాయో చూడాలి.

2024 డిసెంబర్ 4 ఉదయం హైదరాబాద్‌లోనూ కొందరికి తెలిసిన ములుగు భూకంపం (5.3) వేరే కథ. అది గోదావరి లోయలోది, సముద్రంతో సంబంధం లేదు.

మన ఇళ్లకి సంబంధించి ఎవరూ పెద్దగా మాట్లాడని చోటు ఇంకొకటుంది: మక్రాన్. పాకిస్తాన్, ఇరాన్ తీరం కింద అరేబియా ఫలకం దిగుతున్న చోటు. 1945 నవంబర్ 28న అక్కడ వచ్చిన భూకంపానికి లేచిన అలలు ముంబై దాకా వచ్చాయి. ఎదురుగా ఉన్నది ఒమన్. మస్కట్‌లో, సోహార్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ పేజీ చదివేవాళ్లకి చెప్పనక్కరలేదు. ఆంధ్ర తీరానికి గంటలు దొరికితే, అక్కడ దొరికేవి నిమిషాలే. కాబట్టి అక్కడున్న భాయీకి చెప్పాల్సింది ఒక్కటే: నేల గట్టిగా, చాలాసేపు ఊగితే మెసేజ్ కోసం చూడొద్దు, ఎత్తుకి వెళ్లిపో. మక్రాన్ పడమర భాగం బిగుసుకుని ఉందా, నెమ్మదిగా జారుతోందా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ వాదనే.